చర్చిలో వేసే ఇమ్మిగ్రేషన్ సినిమాలకు వెళ్లొచ్చా? మా అనుభవం ఇదీ

అమెరికాలో మీ ఇంటి దగ్గరి చర్చిలో వరసగా నాలుగు శుక్రవారాలు వలసల మీద, సామాజిక న్యాయం మీద సినిమాలు వేస్తున్నారు, మీరు క్రిస్టియన్లు కాదు, హెచ్‌1బీ మీద ఉన్నారు, వాలంటీర్‌గా కూడా రమ్మంటున్నారు, వెళ్తే మతం ఇబ్బందో వీసా ఇబ్బందో వస్తుందా అని అడిగారు. వెళ్లండి. ఇంటిల్లిపాదీ వెళ్లండి. మేమూ హెచ్‌1బీ వాళ్లమే, క్రిస్టియన్లం కాదు. మా వీధి చివర చర్చిలో ఇలాంటి ఫెస్టివల్‌కి 2024లో ప్రేక్షకులుగా వెళ్లాం, 2025లో కుర్చీలు వేసే పని నుంచి ప్రొజెక్టర్ నడిపే పని దాకా చేశాం.

ముందు మతం సంగతి. మా దగ్గర మొదట్లో పాస్టర్ రెండు నిమిషాలు ప్రార్థన చేశారు, అంతే. ఆ తర్వాత ఎవరూ మమ్మల్ని ఆదివారం రమ్మనలేదు, మీదే మతం అని కూడా అడగలేదు. అసలు చర్చికి ఈ సినిమాలతో పనేంటని నాకూ అనుమానం వచ్చి ఆయన్నే అడిగాను. బైబిల్లో లేవీయకాండం 19వ అధ్యాయం చూపించారు. ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, మీరూ పరదేశులుగా బతికినవాళ్లే, కాబట్టి మీ మధ్య ఉన్న పరదేశిని మీలో ఒకడిగా చూసుకోండి అన్న మాట అక్కడ ఉంది. ఇక్కడి చర్చిలకు ఇది కొత్త పని కూడా కాదు. 1982 మార్చిలో అరిజోనాలోని టూసాన్‌లో సౌత్‌సైడ్ ప్రెస్బిటేరియన్ చర్చి, గ్వాటెమాలా, ఎల్ సాల్వడార్‌లలో అంతర్యుద్ధాల నుంచి పారిపోయి వచ్చినవాళ్లకు ఆశ్రయం ఇస్తామని బహిరంగంగా ప్రకటించింది. ఆ తర్వాత దేశమంతటా వందల చర్చిలు, యూదుల ప్రార్థనా మందిరాలు ఆ దారి పట్టాయి. అప్పటి పాస్టర్ జాన్ ఫైఫ్ మీద కేసు పెట్టి, శిక్ష కూడా వేశారు. ఇది తెలిశాక నాకు ఆ హాల్లో కూర్చోవడానికి మొహమాటం పోయింది.

వీసా సంగతి కూడా చెప్తాను. సినిమా చూడ్డానికీ, తర్వాత నాలుగు మాటలు మాట్లాడ్డానికీ హెచ్‌1బీ అడ్డం కాదు. వాలంటీర్ పనికి మాత్రం ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. అది మామూలుగా జీతమిచ్చి చేయించుకునే పని కాకూడదు, మీరు దానికి ప్రతిఫలం తీసుకోకూడదు. చివరి రోజు మాకు గిఫ్ట్ కార్డు ఇవ్వబోయారు. కారణం చెప్పి వద్దన్నాం, వాళ్లు వెంటనే అర్థం చేసుకున్నారు. నేను లాయర్ని కాను, మీ కేసులో ఇంకేదైనా చిక్కు ఉంటే మీ లాయర్ని ఒక మాట అడగండి.

ఇక నేను నిజంగా చెప్పాలనుకున్నది వేరే ఉంది.

మొదటి ఏడాది మొదటి శుక్రవారం చార్లీ చాప్లిన్ తీసిన 'ది ఇమ్మిగ్రెంట్' వేశారు. 1917 నాటి మూకీ, అరగంట కూడా ఉండదు. మాటల్లేవు కాబట్టి ఇంగ్లిష్ రానివాళ్లు కూడా హాయిగా చూశారు. ఓడ అటూ ఇటూ ఊగుతుంటే పిల్లలు పడీపడీ నవ్వారు. నా పక్క కుర్చీలో గ్వాటెమాలా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, ఆవిడ పక్కన మనవరాలు. ఆవిడా నవ్వుతోంది. స్వేచ్ఛా దేశానికి వచ్చేశాం అన్న అక్షరాలు తెర మీద పడ్డాయి, లిబర్టీ విగ్రహం కనబడింది, అందరూ అటు తిరిగి చూస్తున్నారు. మరుక్షణంలో అధికారులు వచ్చి ఒక తాడు పట్టుకుని ఆ జనాన్నంతా పశువుల్ని కట్టేసినట్టు ఒక మూలకు నెట్టేశారు. పిల్లలు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. ఆవిడ మాత్రం నవ్వు ఆపేసి, ఒళ్లో ఉన్న సంచి పట్టీని చేతికి రెండు చుట్లు చుట్టుకుంది. నేను తెర వదిలేసి ఆ చేతినే చూస్తూ ఉండిపోయాను.

సినిమా అయ్యాక కుర్చీలు గుండ్రంగా వేసి మాట్లాడమన్నారు. నా వంతు వచ్చినప్పుడు, మనలో చాలామంది అనే మాటే నేనూ అన్నాను: "మేం చట్టప్రకారం వచ్చాం, లైన్లో నిలబడ్డాం." ఎవరూ కోప్పడలేదు. ఒక రిటైర్డ్ టీచర్ మాత్రం, తెలుసుకుందామనే, "ఆ లైన్ ఎంత పొడవుంటుంది?" అని అడిగారు. చెప్పాను. ఉద్యోగాల కోటాలో ఏడాదికి గ్రీన్ కార్డులు దాదాపు 1,40,000. ఏ దేశంలో పుట్టినవాళ్లకైనా అందులో 7 శాతానికి మించకూడదన్నది మామూలు లెక్క. ఎంత జనాభా ఉన్న దేశమైనా ఇదే లెక్క కాబట్టి ఇండియాలో పుట్టినవాళ్లకు ఏళ్లకేళ్లు వంతు రాదు. మా అమ్మాయి చిన్నప్పుడే ఇక్కడికి వచ్చింది, 21 ఏళ్లు నిండితే మా కేసు నుంచి విడిపోతుంది, అప్పుడు వేరే వీసా వెతుక్కోవాలి, లేదా వెళ్లిపోవాలి. ఇక్కడే పుట్టి పెరిగిన వాళ్లు నోరు తెరిచి విన్నారు. వాళ్లలో ఒక్కరికీ ఈ సంగతి తెలియదు. మనవరాలు స్పానిష్‌లో చెప్పగానే ఆ పెద్దావిడ అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఇప్పుడు అమ్మాయికి ఎన్నేళ్లు?"

పద్దెనిమిది అన్నాను. ఆవిడ నా మోకాలి మీద చెయ్యి వేసింది.

ఆ రాత్రి ఇంటికొచ్చి మన చరిత్ర చదవడం మొదలుపెట్టాను. ఆ సినిమా వచ్చిన 1917లోనే, ఫిబ్రవరిలో, ఇండియాతో సహా ఆసియాలో చాలా భాగం నుంచి వలసను నిషేధిస్తూ అమెరికా చట్టం చేసింది. అంటే ఆ ఓడలో తాడు వెనక నిలబడే అవకాశం కూడా మనకు లేదు. 1923లో, పంజాబ్ నుంచి వలస వచ్చిన భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, ఆయన 'తెల్లవాడు' కాదు కాబట్టి పౌరసత్వానికి అర్హుడు కాడంది. ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన మనిషి. 1946లో చట్టం మారి ఏడాదికి ఇండియన్లు వంద మంది రావచ్చన్నారు. వంద! పుట్టిన దేశాన్ని బట్టి పెట్టిన ఆ పాత కోటాలను 1965 చట్టం తీసేశాకే మనం ఇంతమందిమి రాగలిగాం. ఆ చట్టం ఊరికే రాలేదు, నల్లజాతివాళ్లు పౌరహక్కుల కోసం పోరాడిన రోజుల్లోనే, ఆ ఊపులోనే వచ్చింది. నేను నిలబడ్డ లైన్ కోసం ఎవరెవరు కొట్లాడారో తెలియకుండానే ఇన్నేళ్లూ దాన్ని నా సొంత గొప్పగా చెప్పుకున్నాను. ఇప్పుడు ఆ మాట నా నోట రాదు.

అన్నట్టు, చాప్లిన్ కూడా వలస వచ్చినవాడే. 1952లో ఆయన లండన్ వెళ్తుండగా తిరిగొచ్చే పర్మిట్ రద్దు చేశారు. మళ్లీ అమెరికాలో అడుగుపెట్టింది 1972లో, ఆస్కార్ గౌరవ పురస్కారం అందుకోవడానికి.

రెండో ఏడాది అంత సాఫీగా సాగలేదు. చర్చిలు, స్కూళ్లు, ఆసుపత్రుల లాంటి చోట్ల ఇమ్మిగ్రేషన్ అరెస్టులు వీలైనంత వరకు చేయకూడదన్న పాత విధానాన్ని 2025 జనవరిలో ఎత్తేశారు. మేం ఎప్పట్లాగే ఎనభై కుర్చీలు వేశాం. స్పానిష్ మాట్లాడే కుటుంబాలు కూర్చునే వెనక రెండు వరసలూ ఖాళీ. ఆ పెద్దావిడ కూడా రాలేదు. ఫోన్ చేస్తే మనవరాలు, "అమ్మమ్మ బజారుకి కూడా వెళ్లట్లేదండి" అంది. ఎవరి గురించి తీస్తున్నారో వాళ్లే రాలేని చోట వాళ్ల సినిమా వేస్తున్నామే అని ఆ రోజు మనసు చాలా కష్టపెట్టుకున్నాను.

మీరు వాలంటీర్‌గా చేరితే మొదట పట్టుకోవాల్సిన పని ఇదే. మేం చేసింది చెప్తాను, మీ చర్చి వాళ్లకూ చెప్పండి. గుమ్మం దగ్గర పేరు, అడ్రస్ రాయించుకునే కాగితం తీసేశాం. ఫోటోలు వద్దని తలుపు మీద రెండు భాషల్లో రాశాం. ఇమ్మిగ్రేషన్ లాయర్ ఒకరిని పిలిపించి పావుగంట మాట్లాడించాం. చర్చిలో అందరికీ తెరిచి ఉంచని గదుల్లోకి అధికారులు రావాలంటే జడ్జి సంతకం చేసిన వారంట్ కావాలనీ, వాళ్ల శాఖ సొంతంగా ఇచ్చే కాగితం దానికి చాలదనీ ఆమె వివరంగా చెప్పారు. ఇంట్లోంచే మాట్లాడదలచినవాళ్లకు ఫోన్ స్పీకర్ పెట్టాం. మూడో వారం ఆ పెద్దావిడ గొంతు అలాగే విన్నాం.

ఇంకో జాగ్రత్త, సినిమా హక్కులది. ఇంట్లో చూసే డీవీడీ గానీ స్ట్రీమింగ్ అకౌంట్ గానీ హాల్లో పదిమందికి వేయడానికి పనికిరాదు, ఉచితంగా వేసినా సరే. చర్చి అయినంత మాత్రాన మినహాయింపు లేదు. ప్రదర్శన లైసెన్స్ విడిగా తీసుకోవాలి. చర్చిలకు ఏడాది లైసెన్స్ ఇచ్చే సంస్థలున్నాయి, కానీ ఫలానా సినిమా అందులో ఉందో లేదో ముందే చూసుకోవాలి. చిన్న డాక్యుమెంటరీలైతే తీసినవాళ్లకే నేరుగా రాయండి, మాకు ఇద్దరు సంతోషంగా ఒప్పుకున్నారు. 'ది ఇమ్మిగ్రెంట్' పాతది కాబట్టి హక్కుల గొడవ లేదు. అయితే ఈమధ్య బాగుచేసిన ప్రింట్లకు కొత్తగా కట్టిన సంగీతం మీద హక్కులుండొచ్చు. మేం సౌండ్ తీసేసి, ఆదివారాలు పియానో వాయించే ఆవిణ్ణి తెర పక్కన కూర్చోబెట్టాం. తాడు వచ్చే చోట ఆవిడ వాయించడం ఆపేసింది. అలా చేయమని ఆవిడకెవరూ చెప్పలేదు.