మౌత్‌వాష్ వాడుతున్నా చిగుళ్ల నుంచి రక్తం ఎందుకు వస్తుంది?

మీరు అడిగినవి రెండు. నోట్లో బ్యాక్టీరియా ఎప్పుడూ ఉండేదే కదా, మరి చిగుళ్లు ఎందుకు వాస్తాయి? రోజూ మౌత్‌వాష్‌తో పుక్కిలిస్తున్నా రక్తం ఎందుకు ఆగడం లేదు? నాది దంతవైద్యం కాదు. పీహెచ్‌డీ కోసం కొన్నేళ్లు ప్రయోగశాలలో చిగుళ్ల కణాలను పెంచాను. అక్కడ చూసిన దాన్ని బట్టి చెబుతాను.

జ్ఞానదంతం తీసేటప్పుడు దాని చుట్టూ ఉన్న చిగురు కూడా కాస్త ఊడివస్తుంది. రోగి అనుమతితో ఆ ముక్కను తెచ్చి, సన్నగా తరిగి పోషక ద్రవంలో ఉంచితే, ఒకటి రెండు వారాల్లో అంచుల నుంచి ఫైబ్రోబ్లాస్ట్ కణాలు పాకుతూ బయటికి వస్తాయి. చిగురుకు బిగువునిచ్చే కొల్లాజెన్‌ను తయారుచేసేవి ఇవే. వీటి మీద మేం బతికున్న బ్యాక్టీరియాను వేసేవాళ్లం కాదు. పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ అనే బ్యాక్టీరియా పైపొరలో ఉండే లిపోపాలిసాకరైడ్‌ను మాత్రం మిల్లీలీటరుకు ఒక మైక్రోగ్రాము చొప్పున కలిపేవాళ్లం.

మర్నాడు మైక్రోస్కోపులో చూస్తే కణాలకు ఏమీ అయినట్టు ఉండదు. చావవు, ముడుచుకోవు, నిన్నటిలాగే సన్నగా పొడుగ్గా ఒకే దిక్కుకు ఒరిగి ఉంటాయి. కానీ వాటి పైనున్న ద్రవాన్ని తీసి, చిన్న చిన్న గుంటలున్న పలకలో పోసి ఎలైసా పరీక్ష (ఒక ప్రోటీన్ ఎంత ఉందో రంగును బట్టి చెప్పేది) చేస్తే సంగతి బయటపడుతుంది. ఏమీ కలపని కణాల ద్రవం ఉన్న గుంటల్లో రంగు అంతంత మాత్రమే. లిపోపాలిసాకరైడ్ తగిలిన కణాల ద్రవం పోసిన గుంటలు నీలంగా మారి, ఆమ్లం చుక్క పడగానే చిక్కటి పసుపుకు తిరుగుతాయి. పసుపు ఎంత చిక్కనైతే అందులో ఇంటర్‌ల్యూకిన్-8 అనే సంకేత ప్రోటీన్ అంత ఎక్కువన్నమాట. దాన్ని తయారుచేసి బయటికి వదిలింది మన కణాలే.

లోపల జరిగేది ఇది. కణం పైపొరలో టోల్-లైక్ రిసెప్టర్లు ఉంటాయి. బ్యాక్టీరియా తాలూకు పదార్థం వాటికి తగలగానే కణంలో ఎన్‌ఎఫ్-కప్పాబీ అనే ప్రోటీన్ కేంద్రకంలోకి వెళ్లి ఇంటర్‌ల్యూకిన్-6, ఇంటర్‌ల్యూకిన్-8 జన్యువులను పనిలోకి దింపుతుంది. ఇంటర్‌ల్యూకిన్-8 పిలుపుతో రక్తం నుంచి న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు ఆ చోటికి చేరతాయి. రక్తనాళాలు వెడల్పై ద్రవం ఊరుతుంది. ఎరుపు, వాపు అందువల్లే. పంటికి ఆనుకున్న లోపలి పొర పలచబడి పుండుపడుతుంది కాబట్టి బ్రష్ తగిలితే చాలు, రక్తం. ఇది ఏళ్ల తరబడి సాగితే మన కణాలు వదిలే ఎంజైములే కొల్లాజెన్‌ను కోసేస్తాయి, దవడ ఎముకను తినే కణాలు మేల్కొంటాయి. అలాగని ఈ రక్షణ వ్యవస్థను తిట్టుకోనక్కర్లేదు. పుట్టుకతోనే న్యూట్రోఫిల్స్ తీవ్రంగా కొరవడిన పిల్లలకు పాలపళ్ల వయసులోనే చిగుళ్లు దెబ్బతింటాయి.

ఇక మీ మౌత్‌వాష్ సంగతి. లిపోపాలిసాకరైడ్ పనిచేయడానికి బ్యాక్టీరియా బతికి ఉండనక్కర్లేదు. నీళ్లలో మరిగించినా అది చెక్కుచెదరదు. అసలు మందు, పళ్ల మీద బ్యాక్టీరియా గూడుకట్టిన పాచి పొర లోపలికి దిగడమే కష్టం, దిగి కొన్నింటిని చంపినా వాటి శవాలు చిగురు అంచునే ఉంటాయి. పాచిని అక్కడి నుంచి ఊడ్చేయాల్సిందే. 1965లో డెన్మార్క్‌లోని ఆర్హూస్‌లో హెరాల్డ్ లో అనే శాస్త్రవేత్త 12 మంది ఆరోగ్యవంతుల చేత పళ్లు తోమడం మాన్పించారు. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ శుభ్రం చేసుకోవడం మొదలుపెట్టగానే తగ్గిపోయాయి.

కాబట్టి రక్తం వచ్చే చోట తోమడం మానేయకండి. చాలామంది అదే చేస్తారు, పాచికి అదే కావాలి. పోర్ఫిరోమోనాస్‌కు రక్తంలోని ఇనుము ఆహారం. గాలి సోకని పెట్టెలో, రక్తం కలిపిన జెల్లీ మీద పెంచితే వారం పది రోజుల్లో నల్లటి చుక్కలుగా పెరుగుతుంది. మూత తీస్తే వచ్చే కంపు చెప్పనలవి కాదు, నోటి దుర్వాసన ఎక్కడిదో నాకు అప్పుడు బాగా అర్థమైంది. ఈ బ్యాక్టీరియా సంఖ్యలో తక్కువగా ఉండి కూడా మిగతా బ్యాక్టీరియాను పెరగనిచ్చి ఎముకను కరిగిస్తుందని 2011లో ఎలుకల మీద చేసిన పరిశోధనలో తేలింది.

మెత్తటి బ్రష్‌ను చిగురు అంచుకు ఏటవాలుగా పెట్టి తోమండి. పళ్ల సందుల్లోకి ఫ్లాస్‌గానీ సన్నటి సందుల బ్రష్‌గానీ వాడండి. బొగ్గుపొడి, ఉప్పు పెట్టి రుద్దడం వద్దు. గార కట్టి ఉంటే మాత్రం ఇంట్లో పోదు, క్లీనింగ్ చేయించుకోవాలి. 'క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదులుతాయి' అని మా అమ్మ ఏళ్ల తరబడి తప్పించుకుంది. చివరికి చేయించాక నాలుకతో సందులు తడుముకుని నన్ను తిట్టింది. ఆ సందులు చిగురు, ఎముక తగ్గిపోయినప్పుడు ఏర్పడినవే, గార వాటిని కప్పి ఉంచింది.

సిగరెట్, చుట్ట అలవాటు ఉన్నవాళ్లకు రక్తనాళాలు ముడుచుకుని రక్తం కనిపించదు, జబ్బు మాత్రం లోపల నడుస్తూనే ఉంటుంది. సరిగ్గా తోముతున్నా రెండు వారాల్లో రక్తం తగ్గకపోతే దంతవైద్యుణ్ని కలిసి చిగురుకూ పంటికీ మధ్య లోతు కొలిపించుకోండి. 3 మిల్లీమీటర్ల వరకు మామూలే. 4, ఆపైన ఉండి రక్తం కూడా వస్తుంటే చికిత్స ఆలస్యం చేయవద్దు. ఒకసారి షుగర్ పరీక్ష కూడా చేయించుకోండి. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ల వాపు ముదురుతుంది, వాపు ముదిరితే షుగర్ అదుపులోకి రావడం కష్టమవుతుంది.