ఆటోమేటిక్ బండికి పెద్ద గేర్‌బాక్స్ కూలర్ అవసరమా?

ప్రశ్న: మాది టార్క్ కన్వర్టర్ రకం ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న ఏడు సీట్ల డీజిల్ బండి. మొన్నటి మేడారం జాతరకు కుటుంబమంతా ఎక్కి, పైన సామాను కట్టుకొని వెళ్తుండగా, తాడ్వాయి దాటాక గంటల తరబడి నత్తనడకన సాగాల్సి వచ్చింది. అప్పుడు గేర్‌బాక్స్ వేడెక్కిందని డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక వెలిగింది. గేర్‌బాక్స్ ఆయిల్‌ను చల్లబరిచే పెద్ద కూలర్ బిగిస్తే చాలని మెకానిక్ అంటున్నాడు. బిగించుకోవచ్చా?
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: బిగించుకోవచ్చు, కానీ మొదట చేయవలసిన పని అది కాదు. జాతర జరిగేది మాఘమాసంలో. ఎండలు ముదరకముందే హెచ్చరిక వచ్చిందంటే, ఆ వేడి చాలావరకు గేర్‌బాక్స్ లోపలే పుట్టిందన్నమాట. టార్క్ కన్వర్టర్‌లో ఇంజిన్ బలాన్ని గేర్‌బాక్స్‌కు అందించేది ఆయిలే. బండి వేగం అందుకున్నాక లాకప్ క్లచ్ ఇంజిన్ వైపునూ గేర్‌బాక్స్ వైపునూ కలిపి పట్టుకుంటుంది కనుక వేడి తగ్గుతుంది. నిండు బరువుతో మెల్లగా కదిలేటప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు ఆ క్లచ్ సాధారణంగా పట్టుకోదు కాబట్టి, జారుడులో వృథా అయిన శక్తి అంతా ఆయిల్‌ను కాగబెడుతుంది.

ఈ ఆయిల్ మామూలుగా 80 నుంచి 95 డిగ్రీల సెల్సియస్ మధ్య పనిచేస్తుంది. 120 డిగ్రీలు దాటి చాలాసేపు ఉంటే ఆయిల్ మాడి నల్లబడుతుంది, రబ్బరు సీళ్లు గట్టిపడతాయి. అందుకే ముందుగా ఓబీడీ పోర్టుకు (బండి కంప్యూటర్ సమాచారం చదివే సాకెట్) స్కానర్ పెట్టించి, నిండు బరువుతో నడిపేటప్పుడు ఆయిల్ ఉష్ణోగ్రత ఎంతకు చేరుతుందో చూడండి. ఈ కొలత లేకుండా కూలర్ కొనడం సరికాదు. ఆయిల్ గోధుమరంగుకు తిరిగి మాడు వాసన వస్తుంటే, కంపెనీ చెప్పిన రకమే పోసి మార్పించండి. అది పాలు కలిపినట్టు గులాబీ రంగులో ఉంటే మాత్రం రేడియేటర్ నీళ్లు అందులోకి చేరుతున్నట్టు. బండిని ఇక నడపకండి.

రేడియేటర్, దాని ముందుండే ఏసీ కండెన్సర్ శుభ్రంగా ఉన్నాయో లేదో చూసుకోవడం మన ప్రాంతంలో మరీ ముఖ్యం. పత్తి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ వైపు తిరిగే బండ్లకు దుమ్ముతో కలిసిన దూది పోగులు కండెన్సర్ రెక్కల మధ్య చాపలా అల్లుకుపోతాయి. బయటి నుంచి చూస్తే మామూలు మురికిలాగే కనిపిస్తుంది కానీ గాలి లోపలికి దూరదు. ఇంజిన్ చల్లారాక, వీలైతే లోపలి వైపు నుంచి, తక్కువ ప్రెషర్ నీటితో కడిగించండి. ప్రెషర్ ఎక్కువైతే రెక్కలు వంగిపోతాయి. ఫ్యాన్ సరిగా తిరుగుతోందో కూడా చూడండి. ట్రాఫిక్‌లో నిలిచిన బండికి ఎదురుగాలి ఉండదు, ఉన్నదంతా ఫ్యాన్ గాలే. అది బలహీనంగా ఉంటే ఎంత పెద్ద కూలర్ పెట్టినా ఫలితం అంతంతే.

ఇవన్నీ చక్కబెట్టాక కూడా ఉష్ణోగ్రత దిగకపోతే అప్పుడు అదనపు కూలర్ న్యాయమైన ఖర్చే. పలకలు పేర్చినట్టుండే స్టాక్డ్ ప్లేట్ రకం అదే కొలత గల గొట్టపు రకం కంటే బాగా చల్లబరుస్తుంది. కంపెనీ కూలర్‌ను తీసేయకుండా, దాని నుంచి గేర్‌బాక్స్‌కు తిరిగి వెళ్లే లైనులో దీన్ని కలిపి, కండెన్సర్ ముందు బ్రాకెట్లతో బిగించాలి. చలికాలం ఉదయాల్లో ఆయిల్ త్వరగా వేడెక్కాలి కాబట్టి థర్మోస్టాట్ బైపాస్ (ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు కూలర్‌ను తప్పించి మళ్లించే ఏర్పాటు) ఉన్నదే తీసుకోండి. పైపుల విషయంలో రాజీ పడవద్దు: పెట్రోలు పైపు ముక్కతో సరిపెడతామంటే ఒప్పుకోకండి, గేర్‌బాక్స్ ఆయిల్ వేడికీ ఒత్తిడికీ తట్టుకొనే పైపే వేయించండి. కూలర్‌లో పట్టే ఆయిల్ అదనం కనుక, పని ముగిశాక కంపెనీ చెప్పిన ఉష్ణోగ్రత వద్ద లెవెల్ సరిచూడాలి. వారంటీ మిగిలి ఉంటే ముందే సర్వీస్ సెంటర్‌లో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

దారిలో మళ్లీ హెచ్చరిక వెలిగితే, పక్కకు ఆపి, లివర్‌ను పార్క్‌లో పెట్టి, ఇంజిన్‌ను ఆపకుండా కొద్దిసేపు ఐడిల్‌లో నడవనివ్వండి. ఇంజిన్ తిరిగినంతసేపే పంపు ఆయిల్‌ను కూలర్‌లోకి తిప్పుతుంది.