నాలుగు భాషల్లో దారి అడగడం

"అనువాదంలోకి వద్దామనుకుంటున్నాను. ఫ్రెంచ్, స్పానిష్, జపనీస్ మూడూ మొదలుపెట్టనాండీ?" అని పరాయి దేశానికి కొత్తగా వచ్చిన మనవాళ్లు అడుగుతుంటారు. మూడూ వద్దండీ. ఒకటి పట్టుకుని దాని అంతు చూడండి.

నేనూ ఆ పొరపాటు చేసినవాణ్ణే. వచ్చిన కొత్తలో నాలుగు భాషలు మొదలుపెట్టి, నాలుగింటిలోనూ స్టేషన్‌కి దారి అడిగే దాకా వచ్చాను. దారి అడిగినందుకు ఎవరూ డబ్బులివ్వరు కదా!

ముందు గంటల లెక్క చూసుకోండి. ఇంగ్లిషు మాతృభాషగా ఉన్నవాళ్లకు స్పానిష్ పట్టుబడటానికి 600 నుంచి 750 క్లాసు గంటలు, జపనీస్, చైనీస్, అరబిక్ లాంటివాటికి 2200 గంటల దాకా పడుతుందని అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ అంచనా. అది కూడా ఉద్యోగంలో నెట్టుకురావడానికే, అనువాదానికి ఇంకా కావాలి. జపనీస్‌లో క్రియ వాక్యం చివర రావడం మనకేం వింత కాదు, అక్కడ కాస్త కలిసొస్తుంది. కంజీల (జపనీస్ రాతలో వాడే చైనా అక్షరాల) దగ్గర మాత్రం ఆ సుఖం లేదు. రోజువారీ వాడకానికని ప్రభుత్వం ప్రకటించిన జాబితాలోనే 2136 ఉన్నాయి.

చాలామంది మర్చిపోయే సంగతి ఇంకోటుంది. మీరు ఏ భాషలోకి రాస్తారు? అనువాదకులు మామూలుగా తమ మొదటి భాషలోకే రాస్తారు. ఐక్యరాజ్యసమితి ఉద్యోగం మీద ఆశతో ఫ్రెంచ్ మొదలుపెట్టినవాళ్లను చూశాను. అక్కడి అధికార భాషలు 6, వాటిలో తెలుగు లేదు. అంటే మీ ఇంగ్లిషు పుట్టుకతో మాట్లాడేవాళ్ల ఇంగ్లిషుతో పోటీపడాలి. పోనీ తెలుగులోకి రాద్దామంటే, ఇంగ్లిషు మీడియంలో చదివిన మనలో ఎందరం ఒక పేజీ తెలుగు తప్పుల్లేకుండా రాయగలం? కొత్త భాష సంగతి తర్వాత, ముందు ఇది సరిచేసుకోండి.

ఇక ఏ భాష అంటే, చుట్టూ ఉన్నదే. కార్యాలయాల ఉత్తరాలు, అద్దె ఒప్పందాలు, పక్కింటివాళ్ల తగాదాలు అన్నీ ఉచిత పాఠాలే. దానికి మీకు తెలిసిన సబ్జెక్టు కలపండి. నర్సుగా చేసినవాళ్లకు వైద్య పత్రాలు, ఇంజినీర్లకు మాన్యువల్స్, పేటెంట్లు. మామూలు ఈమెయిళ్లను మెషీన్ చేసేస్తోంది. తప్పొస్తే ఎవరో ఒకరు జవాబు చెప్పాల్సిన కాగితాల దగ్గరే మనిషి కావాలి.

సర్టిఫికెట్ల సంగతి దేశాన్ని బట్టి మారుతుంది. జర్మనీలో అధికారిక పత్రాలకు కోర్టులో ప్రమాణం చేసిన అనువాదకుల ముద్ర అడుగుతారు, ఆస్ట్రేలియాలో అనువాదకులకు పరీక్ష పెట్టే నాటీ (NAATI) అనే సంస్థ గుర్తింపు ఉండాలంటారు. మీ భాషల జంటకు, అంటే మీరు ఏ భాష నుంచి ఏ భాషలోకి చేస్తారో దానికి, పరీక్ష ఉందో లేదో ఫీజు కట్టేముందే కనుక్కోండి.

చదువుతున్న కాగితంలో రాసినాయన ఎక్కడ వెటకారం చేశాడో, ఎక్కడ కావాలనే మాట దాటేశాడో పక్కవాళ్లను అడక్కుండా తెలిసినరోజు పని ఒప్పుకోండి. నాకు జర్మన్‌లో ఆ రోజు ఆరో ఏట వచ్చింది. మిగతా మూడు భాషల పుస్తకాలు ఇంకా బీరువా పై అరలోనే ఉన్నాయి.