మూడేళ్ల పాప నైట్ డ్రెస్‌కి కాటనా, సాటినా?

మీరు అడిగినదాంట్లో రెండు విషయాలు ముడిపడి ఉన్నాయండీ. గుంటూరు ఎండలకి పాప మెడ మీదా వీపు మీదా చెమటకాయలు వస్తున్నాయి కాబట్టి ఒంటికి హాయిగా ఉండే గుడ్డ కావాలి. షాపతనేమో మెత్తగా ఉందని సాటిన్ చూపించాడు. అమెరికాలో ఉన్న మీ ఆడపడుచు మాత్రం కాటన్‌కి మంట త్వరగా అంటుకుంటుంది, ఇక్కడ పిల్లల రాత్రి బట్టలకి రూలే ఉంది, పాలిస్టరే నయం అన్నారు. దాంతో మీకు టెన్షన్ పట్టుకుంది.

నేనైతే కాటనే కుట్టమంటాను. మా పిల్లలకీ, తర్వాత మా చెల్లెలి పిల్లలకీ రాత్రి బట్టలు ఎక్కువగా ఇంట్లో కుట్టినవే. అలాగని మీ ఆడపడుచు మాట కొట్టిపారేయకండి. అక్కడ రూల్ ఉన్న మాట నిజం. పిల్లల 14 సైజు దాకా అమ్మే రాత్రి బట్టలు మంటను తట్టుకునే గుడ్డతో ఉండాలని 1970లలో పెట్టారు. మొదట్లో దాని కోసం ట్రిస్ అనే రసాయనం పట్టించేవారు. అది క్యాన్సర్ తెచ్చేదని తేలడంతో 1977లో ఆ బట్టల అమ్మకం ఆపించారు. 1996లో రెండు సడలింపులు ఇచ్చారు: తొమ్మిది నెలల లోపు పసిపిల్లల సైజులకి ఈ రూల్ వదిలేశారు, మిగతావాటిలో ఒంటిని అంటిపెట్టుకుని ఉండేలా కుడితే మామూలు కాటన్ అయినా అమ్ముకోవచ్చు. అంటే వాళ్లు కూడా కాటన్ వద్దనలేదు, వదులు వద్దన్నారు. వేలాడే గుడ్డే ముందు మంటకి తగులుతుంది. పైగా గుడ్డకీ ఒంటికీ మధ్య ఉన్న గాలి మంటను ఇంకా లేపుతుంది.

మన ఇళ్లలో ఇది ఇంకా ముఖ్యం. మన పిల్లలు నైట్ డ్రెస్ పడుకోవడానికి మాత్రమే వేసుకోరు కదా. సాయంత్రం స్నానం చేయించి వేస్తే మర్నాడు పొద్దున స్నానం దాకా అదే. దేవుడి దగ్గర దీపం పక్కన కూర్చునేది దానితోనే, మంచం కింద దోమల చక్రం వెలిగించినప్పుడు దిగేది దానితోనే, పొద్దున్నే పాలు కాస్తుంటే స్టవ్ దగ్గరికి వచ్చి కాళ్లకి చుట్టుకునేదీ దానితోనే. అందుకని గుడ్డ గురించి ఎంత ఆలోచిస్తారో కత్తిరింపు గురించీ అంత ఆలోచించండి. పాదాల దాకా జీరాడే గౌను, కుచ్చులు, గంటల్లాంటి చేతులు, అంబ్రెల్లా కట్ ఇవేవీ రాత్రి బట్టలకి వద్దు. పొట్టి చేతుల చొక్కా, చీలమండ దగ్గర సన్నబడే పైజామా చాలు. మన ఎండలకి వాళ్లలా ఒంటికి అతికినట్టు కుడితే పాప రాత్రంతా గీరుకుంటూనే ఉంటుంది. ఛాతీ చుట్టుకొలత మీద మూడు నాలుగు అంగుళాలు వదులు పెట్టండి, అంతకు మించి వద్దు.

పాలిస్టర్ సాటిన్ ఎందుకు వద్దంటున్నానంటే, అది చెమట పీల్చదు. చేతికి చల్లగా తగులుతుంది, అంతే. పడుకున్న అరగంటకి వీపు కింద తడి తడిగా ఉంటుంది, చెమటకాయలకి కావాల్సింది అదే. మంట విషయంలోనూ అది పూర్తిగా నయమేమీ కాదు. మంటను ఆపే రసాయనమేదీ పట్టించని పాలిస్టర్ నెమ్మదిగా అంటుకున్నా కరిగి ఒంటికి అతుక్కుంటుంది. ఆ గాయం లోతుగా అవుతుంది.

ఇక కాటన్‌లో ఏది తీసుకోవాలి? మీ పాపకి నా ఓటు కేంబ్రిక్‌కే. నున్నగా ఉంటుంది, నేత దగ్గరగా ఉంటుంది, మామూలు మిషన్ మీద ఇబ్బంది లేకుండా కుట్టొచ్చు. మల్ ఇంకా హాయిగా ఉంటుంది కానీ పల్చన. పల్చని గుడ్డకీ, నూగు ఉన్న గుడ్డకీ నిప్పు త్వరగా అంటుకుంటుంది కాబట్టి మల్ తీసుకుంటే చేతుల్లేని చొక్కా వరకే వాడండి. మంగళగిరి కాటన్ మీకు దగ్గరే, బాగుంటుంది, కాకపోతే మొదట కాస్త బిరుసుగా ఉంటుంది, నాలుగైదు ఉతుకుల తర్వాతే మెత్తబడుతుంది. జరీ అంచు ఉంటే తీసేసి కుట్టండి. పెడన కలంకారీ ముద్దుగానే ఉంటుంది గానీ మొదట్లో రంగు వదులుతుంది, చెమటకాయలు తగ్గేదాకా ఆగండి. ఇంట్లో తాతగారి పాత పంచె ఉంటే అసలు బజారుకి వెళ్లక్కర్లేదు. ఎన్నోసార్లు ఉతికి ఉతికి దాంట్లో గంజి, అదనపు రంగు ఏమీ మిగలవు. వెలుతురుకి అడ్డం పెట్టి చూసి, జల్లెడలా పల్చబడిన చోట వదిలేసి మిగిలింది కత్తిరించుకోండి.

బనియన్ గుడ్డ, అదే హోజరీ, పిల్లలకి అన్నిటికంటే సుఖం. సాగుతుంది కాబట్టి ఒంటికి దగ్గరగా కుట్టినా బిగుతు అనిపించదు, మంట భయం దృష్ట్యా కూడా మంచిదే. తిరుప్పూరు నుంచి వచ్చేది చాలా చోట్ల కిలో లెక్కన అమ్ముతారు. 160 నుంచి 180 జీఎస్ఎం (చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క) మధ్యలో అడగండి. ఇంటర్‌లాక్ (రెండు వైపులా ఒకేలా కనిపించే అల్లిక) అయితే అంచులు చుట్టుకుపోవు, మొదటిసారి కుట్టేవాళ్లకి అదే తేలిక. కానీ సూది మార్చాలి. మామూలు సూది పోగుల్ని తెంపుతుంది, తర్వాత అక్కడ కన్నాలు పడతాయి. మొన గుండ్రంగా ఉండే బాల్ పాయింట్ సూది వేసి, జిగ్‌జాగ్ కుట్టు ఉంటే అది వాడండి. లేకపోతే గుడ్డను కొంచెం సాగదీసి పట్టుకుని కుట్టండి, లేదంటే తల దూర్చేటప్పుడే మెడ దగ్గర దారం పుటుక్కున తెగుతుంది.

షాపులో అందరూ "ప్యూర్ కాటనే మేడమ్" అంటారు. నమ్మాలంటే ఒక చిన్న ముక్క అడిగి తెచ్చుకోండి. అంచు నుంచి పడుగు (నిలువు) పోగులు కొన్ని, పేక (అడ్డం) పోగులు కొన్ని విడివిడిగా లాగండి, ఎందుకంటే కొన్ని గుడ్డల్లో ఒక వైపు పోగు మాత్రమే కాటన్. సింకులో నీళ్లు పోసి పెట్టుకుని, పట్టకారుతో పోగుల్ని పట్టుకుని దాని మీదే వెలిగించండి (పాప పడుకున్నాక!). కాటన్ కాగితం కాలిన వాసనతో చకచకా కాలిపోతుంది. మిగిలిన బూడిద వేళ్ల మధ్య నలిపితే పొడి అయిపోతుంది. పాలిస్టర్ మంట తగలకముందే ముడుచుకుపోతుంది, నల్ల పొగ వస్తుంది, చివర చిన్న గట్టి పూస మిగులుతుంది, గోటితో నొక్కినా నలగదు. రెండూ కలిసిన గుడ్డ అయితే బూడిదలో గరుకు పలుకులు తగులుతాయి. రేయాన్ కూడా కాటన్‌లానే కాలుతుంది కాబట్టి అక్కడ ఈ పరీక్ష పనికిరాదు. పోగును తడిపి లాగి చూడండి: రేయాన్ తడిస్తే బలం పోయి ఇట్టే తెగుతుంది, కాటన్ తడిస్తే ఇంకా గట్టిపడుతుంది.

కత్తిరించే ముందు గుడ్డను రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేయాలి. కాటన్ కుంచించుకుపోతుందని మీకు తెలిసే ఉంటుంది, హోజరీ ఇంకా ఎక్కువ. అంతకంటే పెద్ద కారణం ఇంకోటుంది. ముడతలు పడని గుడ్డ అని అమ్మేవాటిలో ఫార్మాల్డిహైడ్ కలిసిన పూత ఉండొచ్చు. ముక్కుకి ఘాటుగా తగిలే కొత్త వాసన ఉంటే పిల్లలకి అది తీసుకోకపోవడమే మేలు. ముదురు రంగైతే తడిపిన తెల్ల రుమాలుతో రుద్ది చూడండి. రంగు అంటితే చెమటకీ అంటుతుంది. ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ కండిషనర్ వేయొద్దు, దాని పూత వల్ల కాటన్ చెమట పీల్చడం తగ్గుతుంది.

మంచి గుడ్డ తెచ్చినా లోపలి కుట్లు గుచ్చుకుంటే అంతా వృథా. చంక దగ్గరా మెడ వెనకా ఓవర్‌లాక్ (కోసిన అంచు పోగులు ఊడకుండా వేసే కుట్టు) దారం గీరుకుని ఎర్రబడుతుంది, దాన్ని చూసి గుడ్డ పడలేదనుకుంటారు చాలామంది. నేత గుడ్డకి ఫ్రెంచ్ సీమ్ వేయండి: ముందు గుడ్డ మంచి వైపు బయటికి పెట్టి పావు అంగుళం కుట్టి, అంచు కొంచెం కత్తిరించి, తిరగేసి మళ్లీ కుడితే కోసిన అంచులు లోపలే మూసుకుపోతాయి. నడుము ఎలాస్టిక్ ఒంటికి తగలకుండా గుడ్డ గొట్టంలోంచి దూర్చండి, నడుము కొలత కంటే అంగుళం, అంగుళంన్నర తక్కువ చాలు. మెడ దగ్గర తాళ్లు, పూసలు వద్దే వద్దు. బటన్లు వీలైనంత వరకు మానేసి, తల పట్టేలా భుజం దగ్గర ఓపెనింగ్ ఇవ్వండి.

ఫ్లానెల్, ఫ్లీస్ లాంటి నూగు ఉన్న వెచ్చని గుడ్డలు మన దగ్గర డిసెంబరులో కూడా అక్కర్లేదు. ఏసీ గదిలో చలేస్తే పైన దుప్పటి కప్పండి.

చొక్కా, పైజామా కలిపి 44 అంగుళాల పన్నాలో ఒకటిన్నర మీటరు సరిపోతుంది, కుంచించుకుపోయేది కూడా అందులోనే. ఒకేసారి మూడు జతలకి కొనేయకండి. ఒక జత కుట్టి, ఓ వారం వేసి, మెడ వెనకా నడుము దగ్గరా ఎర్రబడుతోందేమో చూశాక మిగతా గుడ్డ తెచ్చుకోండి. పాప ఎత్తు, ఛాతీ, నడుము కొలతలు ఇక్కడ రాస్తే కటింగ్ లెక్కలు చెప్తాను.