చేతికి ఇచ్చిన సమన్లు: ఒరిజినల్ మీద సాక్షి సంతకం ఉందా?

జడ్జిగారు వారెంట్ ఇవ్వకపోవడానికి, సమన్లు అందినట్టు రుజువు లేకపోవడమే కారణం అయ్యుంటుంది. విడాకుల కేసులో సాక్షి అయిన పక్కింటావిడకు సమన్లు మీరే ఇచ్చానని, ఆవిడ రాలేదని, అయినా వారెంట్ ఇవ్వలేదని మీరు అన్నారు కదా.

చాలామంది వదిలేసేది ఇదే: జడ్జి సంతకం, కోర్టు సీలు ఉన్న కాపీ సాక్షికి ఇవ్వాలి. ఒరిజినల్ మీద "అందింది" అని సంతకం చేయించుకోవాలి. వాట్సాప్‌లో పంపిన ఫోటోని నమ్ముకోవద్దు.

1. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 16, రూల్ 7ఎ కింద, సమన్లు మీరే ఇచ్చేందుకు మళ్లీ అనుమతి అడగండి.
2. బత్తా డబ్బులు (సాక్షి వచ్చి వెళ్లే ఖర్చులు) సాక్షికి మీరే ఇవ్వాలి.
3. సంతకం పెట్టనంటే గొడవ పడకండి, పాపం ఆవిడకీ టెన్షనే. అప్లికేషన్ వేస్తే కోర్టే పంపుతుంది.
4. మీరు ఇచ్చాక కూడా ఆవిడ రాకపోతే, సమన్లు ఎప్పుడు, ఎక్కడ ఇచ్చారో మీరు కోర్టులో ప్రమాణం చేసి చెప్పాలి. తేదీ, టైము ఆరోజే రాసుకోండి.