పాము మేత కోసం ఇంట్లో తెల్ల ఎలుకలు పెంచవచ్చా?

ప్రశ్న: మాది విజయనగరం, కంటోన్మెంట్ దగ్గర అద్దె ఇల్లు. ఇంజినీరింగ్ చదువుతున్న మా అబ్బాయి నిరుడు హైదరాబాద్ నుంచి బాల్ పైథాన్ అనే విదేశీ పామును కొని తెచ్చాడు. దాని మేత కోసం మేడమీద గదిలో తెల్ల ఎలుకలను పెంచుతున్నాడు. అవి విపరీతంగా పెరిగిపోవడంతో మిగిలినవాటిని స్నేహితులకు అమ్ముతున్నాడు. పాము ఎలుకను పట్టే వీడియోలు తీసి అందరికీ పంపుతున్నాడు. కంపు భరించలేకపోతున్నామని, ఫిర్యాదు చేస్తామని పక్కింటివారు అంటున్నారు. ఎలుకలు పెంచడం నేరమా?
– ఒక తండ్రి

జవాబు: తెల్ల ఎలుకలను పెంచడం నేరం కాదు. అవి మనుషుల దగ్గరే పుట్టి పెరిగే రకం కాబట్టి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి అక్కర్లేదు. అమ్మకం సంగతి వేరు. 2018 నాటి పెంపుడు జంతువుల దుకాణాల నిబంధనల్లో ఎలుకలను కూడా పేరుపెట్టి చేర్చారు. ఇంట్లో నుంచి అమ్మినా, ఫోనులో బేరం కుదుర్చుకున్నా రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు వద్ద నమోదు కావాలి. అది లేదు కనుక అమ్మకం ఈరోజే ఆపించండి.

మీరు అడగని విషయమే నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. ఆ పాముకు కాగితాలున్నాయా? బాల్ పైథాన్ ఆఫ్రికా జాతి. 2022 సవరణ తర్వాత ఇలాంటి విదేశీ జాతులు వన్యప్రాణి చట్టం నాలుగో షెడ్యూలు (అంతర్జాతీయ వ్యాపారంపై నియంత్రణ ఉన్న జాతుల జాబితా) కిందికి వచ్చాయి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం, జంతువు చేతికి వచ్చిన 30 రోజుల్లో కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు అయిన పరివేష్ పోర్టల్‌లో నమోదుకు దరఖాస్తు చేయాలి. గడువు దాటిపోయి ఉంటే కొన్న రసీదు తీసుకుని, న్యాయవాదితో కలిసి మీరే అటవీశాఖ కార్యాలయానికి వెళ్లండి. వాళ్లు మీ ఇంటికి వచ్చేదాకా ఆగవద్దు. ఇంకో మాట. మన నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువల జోలికి మాత్రం అబ్బాయిని పోనివ్వకండి. ఇవి అదే చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి; ఆ షెడ్యూలులోని ప్రాణిని పట్టి ఉంచుకుంటే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్ల జైలు.

ఇక వీడియోలు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం దృష్టిలో మనిషి తప్ప ప్రాణమున్నదంతా జంతువే, ఎలుకతో సహా. కేవలం వినోదం కోసం ఒక జంతువును బంధించి మరో జంతువుకు ఎరగా చేయడం సెక్షన్ 11 కింద నేరం. పాముకు మేత పెట్టడం వినోదం కాదని వాదించవచ్చు. కెమెరా పెట్టి, నవ్వులు జోడించి నలుగురికీ పంపాక ఆ వాదన నిలబడటం కష్టం. మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలే. అంతమాత్రాన తేలిగ్గా తీసుకోకండి. మూలకు నక్కి వణికే ఆ ప్రాణికీ బాధ తెలుసు. ఇరుకు పంజరంలో కుక్కినా, నీళ్లు పెట్టకపోయినా అదే సెక్షన్ వర్తిస్తుంది. బాధ లేకుండా చంపి, మంచుపెట్టెలో నిల్వచేసి, మంచు కరిగాక పెట్టే పద్ధతి ఉంది. పశువైద్యుణ్ణి అడిగితే చెబుతారు. బతికున్న ఎలుక పామునే కొరికి గాయపరిచే ప్రమాదమూ అప్పుడు ఉండదు.

పక్కింటివారి కోపం న్యాయమైనదే. ఆడ ఎలుక చూలు కట్టిన మూడు వారాలకే ఈనుతుంది, పిల్లలు నెలన్నరకల్లా ఎదకు వస్తాయి. ఆడవాటిని, మగవాటిని విడదీయకపోతే ఆ గది ఏమవుతుందో మీకు ఇప్పటికే తెలిసింది. మూత్రంతో తడిసిన పొట్టు ఘాటు గోడ దాటి పోతుంది. భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 152 కింద, ఈ ఇబ్బందిని తొలగించమని ఆర్డీవో మీకు ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఇంటి యజమాని కూడా ఒప్పందం మీరారని ఖాళీ చేయమనవచ్చు. సంఖ్య తగ్గించి, గది శుభ్రం చేయించి, ముందుగా మీరే పక్కింటికి వెళ్లి మాట్లాడండి.

గొడవ ముదిరిందని భయపడి పామును రామతీర్థం కొండల్లోనో, ఎలుకలను ఊరి చివర పొలాల్లోనో వదిలిరాకండి. పామును వదిలించుకోవాలనుకుంటే అటవీశాఖకు రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.