నిజాం ఇచ్చిన టియారా ఏమైంది? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఎలిజబెత్ రాణి పెళ్లికి మన నిజాం వజ్రాల టియారా కానుకగా ఇచ్చారట. అదిప్పుడు ఎక్కడుంది?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: టియారాగా, అంటే తల ముందుభాగాన పెట్టుకునే చిన్న కిరీటంగా, అది ఇప్పుడు లేదండీ. 1947లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫలానా నగ అని తానే ఏరి పంపలేదు. లండన్‌లోని కార్టియే నగల దుకాణంలో పెళ్లికూతురికి ఏది నచ్చితే అది ఇవ్వమని పురమాయించారు. ఆమె వజ్రాల హారాన్నీ, పూల పనితనమున్న టియారానూ ఎంచుకున్నారు. టియారాలో ఒక పెద్ద గులాబీ, రెండు చిన్న గులాబీలు ఉండేవి. వాటిని ఊడదీసి బ్రోచీలుగా, అంటే దుస్తులకు గుచ్చుకునే నగలుగా పెట్టుకోవచ్చు.

1973లో రాణి ఆ టియారాను విప్పించేశారు. అదే పెళ్లికి బర్మా ప్రజలు ఇచ్చిన 96 కెంపులను ఆ వజ్రాలతో కలిపి గ్యారార్డ్ నగల సంస్థ మరో టియారా తయారుచేసింది. కెంపులు 96 ఎందుకంటే, మనిషికి సోకే 96 రోగాల నుంచి అవి కాపాడతాయని బర్మాలో నమ్మకం. గులాబీ బ్రోచీలను మాత్రం కరిగించలేదు, రాణి వాటిని దశాబ్దాలపాటు పెట్టుకున్నారు. హారం కూడా ఉంది. 2014లో లండన్‌లోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ వేడుకకు రాణి మనవడు విలియం భార్య కేట్ దాన్నే వేసుకొచ్చారు.

మా మటుకు మాకు ఆ విప్పించడం నష్టంగానే తోస్తుంది. వజ్రాలు ఏ చట్రంలోనైనా ఇముడుతాయి. కానీ రేకల్ని ఒకదాని పక్కన ఒకటి వంచి, గులాబీ ఊడదీసినా మిగతాది బోసిపోకుండా కూర్చిన పనితనం పోయింది.

ప్రశ్న: పెళ్లిరోజు పొద్దున రాణి టియారా విరిగిందంటారు. అంత ఖరీదైన నగ ఎలా విరుగుతుంది?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: నిజమే, కానీ విరిగింది నిజాం టియారా కాదు, క్వీన్ మేరీ ఫ్రింజ్ టియారా. 1893లో ఎలిజబెత్ నాయనమ్మ మేరీకి విక్టోరియా రాణి పెళ్లి కానుకగా ఇచ్చిన హారంలోని వజ్రాలతో 1919లో గ్యారార్డ్ దాన్ని చేసింది. పైకి సన్నబడే 47 వజ్రాల కడ్డీలు, వాటి మధ్య ఇంకా సన్నటి ముళ్లు. చట్రం నుంచి తీస్తే మళ్లీ మెడలో హారంగా వేసుకోవచ్చు.

బలహీనత అక్కడే ఉంది. నగ రెండు రకాలుగా పనికిరావాలంటే కడ్డీలన్నీ విడివిడిగా కదలాలి, వాటిని నిలబెట్టే చట్రం తలకు తగ్గట్టు సాగాలి. అంటే బరువంతా సన్నటి లోహం మీదే. తలకు అమర్చేటప్పుడు రెండు కొసలూ పట్టి విడదీస్తే ఒత్తిడి నడిమధ్యకు చేరుతుంది. 1947 నవంబరు 20న చట్రం విరిగితే, పోలీసు కాపలాతో గ్యారార్డ్ పనిశాలకు తీసుకెళ్లి బాగుచేయించారు. పెళ్లి ఫొటోలు దగ్గరగా చూడండి: నడిమి కడ్డీ పక్కన సందు కనిపిస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయి రిసెప్షన్‌కు రాళ్ల టియారా కొన్నాం. పెడితే జారిపోతోంది.
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: అప్పుడే తలస్నానం చేసిన జుట్టు మీద ఏదీ నిలవదు, ముందురోజే చేయించండి. టియారా కూర్చునే చోట రెండు సన్న జడలు అల్లి, చుట్టలా తిప్పి పిన్నులు పెట్టండి. అడుగుపట్టీకి జుట్టు రంగు వెల్వెట్ రిబ్బన్ చుట్టి కుట్టండి, పిన్నులు ఆ రిబ్బన్‌లోంచి జడల్లోకి దిగాలి. వెనక సన్న ఎలాస్టిక్ జుట్టు కిందుగా పోవాలి. నుదుటి మీదికి లాగకండి, జుట్టు మొదలయ్యే చోటుకు కాస్త వెనక ఉంచండి. చెవుల వెనక నొక్కితే గంటలో తలనొప్పి మొదలవుతుంది. స్ప్రే, సెంటు ముందే కొట్టేయాలి, ముత్యాలుంటే మరీ ముఖ్యం. తీసేటప్పుడు ఒక పక్క పట్టి లాగితే చట్రం వంకరపోతుంది, రెండు చేతులతో నిటారుగా పైకెత్తండి.

ప్రశ్న: కోహినూరును సానబెట్టి 81 క్యారెట్లు పోగొట్టారంటారు. నిజమేనా?
– ఒక విద్యార్థి, గుంటూరు

జవాబు: అంతకన్నా ఎక్కువే పోయింది. కొల్లూరు గనిదని పేరున్న ఆ రాయి బ్రిటన్ చేరినప్పుడు 186 క్యారెట్లు, కానీ అవి పాత క్యారెట్లు. ఇప్పటి కొలతలో సుమారు 191. 1852లో సానబెట్టాక మిగిలింది 105.6. అంటే 85 పైనే పోయింది. మొఘల్ కాలపు సాన బరువు నిలపడానికి, ఐరోపా సాన మెరుపు కోసం. విక్టోరియా భర్త ఆల్బర్ట్‌కు పాత రాయి మెరుపు చాల్లేదు. 1937 నుంచి అది ఇప్పటి రాజు చార్లెస్ అమ్మమ్మ కిరీటంలో ఉంది.

ప్రశ్న: ఈ నగలు మామూలు వాళ్లు చూడొచ్చా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: పట్టాభిషేక కిరీటాలను టికెట్ కొనుక్కుని లండన్ టవర్‌లో చూడొచ్చు. టియారాలు అక్కడ ఉండవు, ప్రదర్శనలకు పెట్టినప్పుడే చూసే వీలు. నిజాం సొంత నగలు 173ను భారత ప్రభుత్వం 1995లో 218 కోట్లకు కొన్నది. అందులో 184.75 క్యారెట్ల జాకబ్ వజ్రం కూడా ఉంది. అవి రిజర్వు బ్యాంకు ఖజానాలో ఉంటాయి. 2001, 2006లో సాలార్‌జంగ్ మ్యూజియంలో, 2019లో ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో ప్రదర్శించారు. హైదరాబాద్‌లో శాశ్వతంగా ఉంచాలన్న కోరిక పాతదే, మేమూ దాన్ని గట్టిగా సమర్థిస్తాం.